శివరామయ్య గారికి ఇంకా ఛార్జి ఉంది

భరద్వాజకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి: ఎవరికెంత ఛార్జి మిగిలిందో చూడకుండా ఉండలేడు. ఫోన్ల సంగతి కాదు. మౌసులూ, కీబోర్డులూ.

తెనాలిలో వెంకట సుబ్బయ్య గారి డీటీపీ సెంటర్లో కంప్యూటర్లకు దిక్కు అతనే. బాపట్ల, రేపల్లె బ్రాంచీల కంప్యూటర్లు కూడా లినక్స్ మీదే, నెట్‌లో వీటితో కలిసే నడిచేవి కాబట్టి, ఇక్కడ కూర్చుని ఒక కమాండ్ కొడితే చాలు, మూడు ఊళ్ల వైర్‌లెస్ సామాన్ల బ్యాటరీలు నల్లటి తెర మీద శాతాల్లో దిగేవి. వాటికి అతను పెట్టిన పేర్లు మాత్రం వాడే మనుషులవి. చిక్కంతా అక్కడే.

వాగ్దేవి ఉద్యోగంలో చేరిన పూటే భరద్వాజ బాపట్లకు ఫోను చేసి మెల్లగా అంటున్నాడు. "దుర్గాంబ గారు ఇవాళ దాటరండి. రెండు శాతం. యలమంద గారికి ఆదివారం దాకా ఫర్వాలేదు."

శుభలేఖలకని వచ్చిన పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ఏ ఆసుపత్రి బాబూ?"

"మౌసండి."

ఆయన శుభలేఖలు ఎదురు షాపులో వేయించుకున్నాడు.

వాగ్దేవికి అసలు ఒళ్లు జలదరించింది ఆఖరి వరస చూసినప్పుడు. శివరామయ్య, తొంభై శాతం. రేపల్లె బ్రాంచి నడిపిన ఆయన పోయి ఏడాది దాటింది. బ్రాంచి షట్టరు అప్పుడే దించేశారు, కంప్యూటరు మాత్రం అక్కడే ఉండిపోయింది. అయినా రోజూ భోజనాల వేళ దాటాక ఆ మౌసు మేలుకునేది. ఎవరో కదుపుతున్నట్టే. వారమంతా తగ్గిన ఛార్జి, సోమవారానికి మళ్లీ నిండి ఉండేది. వెంకట సుబ్బయ్య గారైతే ఆ వరస వైపే చూసేవారు కాదు.

"భరద్వాజ గారూ, పోయినవాళ్లకి ఛార్జి ఎక్కడమేంటండి?"

అతను తెర అటు తిప్పేసుకున్నాడు.

ఒక శనివారం వెంకట సుబ్బయ్య గారు అన్నారు: "రేపల్లె కంప్యూటరు ఊరికే కరెంటు తింటోంది. అమ్మేద్దాం. రేపు ఇద్దరూ వెళ్లి పట్టుకురండి."

భరద్వాజ మొహం రెండు శాతానికి పడిపోయింది.

రేపల్లె రైల్లో అతను దారంతా జేబు తడుముకుంటూ కూర్చున్నాడు. అందులో ఏవో టకటకలాడుతున్నాయి. బ్రాంచి షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల చీకటి. ఆ చీకట్లో టిక్, టిక్. వాగ్దేవి భరద్వాజ చొక్కా పట్టుకుంది.

తెర వెలుగులో ఒక పెద్దావిడ కంప్యూటర్లో పేకాట ఆడుకుంటోంది. శివరామయ్య గారి భార్య బసవమ్మ. కాపురం ఆ వెనక గదుల్లోనే.

"రా నాయనా. చూశావామ్మా, ఆయన వాడిన మౌసు. ఏడాదైనా ఆగలేదు. ఆయన చేతి మహిమ. ఇది పట్టుకుంటే పక్కనే ఉన్నట్టుంటుంది." అంతలోనే లేచి, "కాఫీ తెస్తా, నువ్వూ రామ్మా" అంది.

వంటింట్లో ఆవిడ పొయ్యి వెలిగించలేదు. కాఫీ ఎప్పుడో ఫ్లాస్కులో ఉంది.

"కాసేపు ఇక్కడే ఉందాం" అంది గుసగుసగా. "మీ భరద్వాజ మౌసులో బ్యాటరీ సెల్లు మారుస్తున్నాడు. ప్రతి ఆదివారం ఇదే పని. నాకు తెలీదనుకుంటాడు పాపం."

"చెప్పేయొచ్చు కదండి?"

"చెబితే సిగ్గుపడి రావడం మానేస్తాడు."

తిరిగి వెళ్లాక వెంకట సుబ్బయ్య గారు అడిగారు. "కంప్యూటరేదమ్మా?"

వాగ్దేవి తల దించుకుంది. "అందులో శివరామయ్య గారు ఇంకా ఉన్నారండి. నూరు శాతం. తీసుకొస్తే ఆయన కూడా వచ్చేస్తారేమోనని..."

వెంకట సుబ్బయ్య గారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. "అక్కడే ఉండనీ. ఇక ఆ ఊసెత్తకండి."

భరద్వాజ తెరకేసి చూసి, మెల్లగా అన్నాడు: "వాగ్దేవి, మూడు శాతం. సాయంత్రం దాకా ఉండదు."

ఆమె ఈసారి ఉలిక్కిపడలేదు. అతని జేబు వైపు చెయ్యి చాపింది.