ఎర్రన్న ఎక్కిన కారు

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద నాది పంక్చర్ల కొట్టు. పక్కనే ఎర్రన్న మెకానిక్ షెడ్డు. మధ్యలో ఒక రేకు గోడ. ఇవతల నేను పొద్దస్తమానం ఎవరినో ఒకరిని తిడుతూ ఉంటే, అవతల వాడు నోరు మెదపకుండా పని చేసుకునేవాడు. వేముల దగ్గర గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టాడు. ఇంజన్ శబ్దం విని రోగం చెప్పేవాడు.

ఆ ఫ్యాక్షన్ రోజుల్లో మా దగ్గర టీ అంగడికి కూడా పార్టీ ఉండేది. ఎర్రన్నకు మాత్రం లేదు. రెండు పక్కల జీపులూ వాడి దగ్గరికే వచ్చేవి. వాడొక నియమం పెట్టుకున్నాడు. ఎవరి బండినైనా బాగుచేస్తాడు, ఎవరి బండీ ఎక్కడు. ట్రయల్‌కు కూడా డ్రైవరునే పంపి తాను రోడ్డు పక్కన నిలబడేవాడు. ఎవరి బండిలో కనబడితే వాడు ఆ పార్టీ మనిషి కిందే లెక్క మరి. "ఎక్కకుండా ఉన్నన్నాళ్లే మనం బతికేది మామా" అనేవాడు నాతో.

ఎన్నికల ముందు చలికాలంలో ఒక పార్టీ పెద్దాయన డీజిల్ కారు వచ్చింది. జమ్మలమడుగు అవతల పల్లె ఆయనది. పేరెందుకులెండి, ఇప్పటికీ నాకు గొంతు తగ్గిపోతుంది. డ్రైవరు గంగులయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పొద్దన్నే స్టార్ట్ చేస్తే సలిజొరం వచ్చినట్టు వణుకుతాందప్పా. వేడెక్కినాంక ఏం లేదు. మొన్న గేటులోనే ఆగిపాయ, వెనక రెండు జీపులు ఇరుక్కుండె. పెద్దాయన ఒక్క మాట అనల్యా. నా తట్టు సూసినాడు, అంతే."

ఎర్రన్న చలిలో ఇంజన్‌ను వెచ్చబెట్టే హీటర్ ప్లగ్గులు మార్చాడు. మర్నాడు పొద్దున షెడ్డులో తాళం తిప్పితే ఒక్క దెబ్బకు అందుకుంది. పంపించాడు. నాలుగు రోజులకే మళ్లీ తెచ్చారు. ఈసారి ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి పరీక్ష చేయించాడు. షెడ్డులో బంగారంలా నడిచింది, పల్లెకు పోగానే వణుకు.

మూడోసారి గంగులయ్య కారు లేకుండా వచ్చాడు.

"నిన్ను ఆడికే రమ్మన్నాడు ఎర్రన్నా. అటువాళ్ల జీపులు గూడా నీ దగ్గరే కదా ఉండేది. వాళ్లు నీతో ఏమన్నా చేయిస్తాండారేమోనని ఎవడో పెద్దాయన చెవిలో ఏసినాడు."

ఎర్రన్న చేతిలోని స్పానరు జారి కాలి మీద పడింది. వాడు చూసుకోను కూడా లేదు. ఆ చెవిలో వేసినవాడి నోరు పడిపోనూ అని తిట్టాను, కానీ గట్టిగా తిట్టలేదు.

మర్నాడు తెల్లారుజాము బస్సుకే ఎర్రన్న వెళ్లాడు. అక్కడేం జరిగిందో తర్వాత వాడే చెప్పాడు. ఆ ఇంటి వాకిలి పల్లం, గేటు ఎత్తు. కారు ముక్కు ఎప్పుడూ గేటు వైపే ఉండాలి, ఆపద వస్తే రివర్సు తీసే వ్యవధి ఉండదని. అంటే రాత్రంతా ఇంజన్ పైన, వెనకున్న ట్యాంకు కింద. అది చూడగానే ఎర్రన్న, "అయ్యో, నా షెడ్డు నేల చదును గదా" అని తల కొట్టుకున్నాడు. డీజిల్ పైపు మధ్యలో లోపల కనబడే ప్లాస్టిక్ గొట్టం ముక్క పెట్టి స్టార్ట్ చేయించాడు. బుడగలు వచ్చాయి. రబ్బరు పైపుకు వెంట్రుకంత పగులు ఉంది. డీజిల్ బయటికి కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. ఇలా ముక్కు పైకి నిలిపితే తెల్లారేసరికి డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది. ఆ పైపు మార్చాడు. కానీ బాగైందో లేదో మర్నాటి చలిలోనే తెలుస్తుంది. అందాకా వాణ్ణి అక్కడే కూర్చోబెట్టారు. అన్నం పెట్టారట, మెతుకు దిగలేదట.

పొద్దున తాళం తిప్పగానే ఇంజన్ కుదురుగా నిలబడింది. బతికానురా దేవుడా అనుకున్నాడు. పెద్దాయన నవ్వాడు.

"మా ఇంట్లో ఒక పద్ధతుంది. బండికి చెయ్యి పెట్టినోడు మొదటి తూరి దాంట్లో కూసోవాల. రెండు తూర్లు తప్పించుకున్నావు. ఎక్కు."

"బస్సుంది సామీ."

"ఎక్కు."

జమ్మలమడుగు బస్టాండు మీదుగా, వెనక జీపులతో, ఊరంతా చూస్తుండగా వాణ్ణి తెచ్చి సరిగ్గా మా కొట్ల ముందు దించారు. పెద్దాయన తానూ దిగి, వాడి భుజం మీద చెయ్యేసి, "మావాడు" అన్నాడు రోడ్డంతా వినబడేలా.

మధ్యాహ్నానికే అటువాళ్ల మనిషి స్కూటరు మీద వచ్చాడు. టీ తెప్పించి ఎర్రన్నకూ ఇచ్చాడు.

"భయపడాకప్పా, నిన్నేం జెయ్యం. ఆయన కారులో ఏ పక్క కూసుంటాడో చెప్పు, చాలు. రేపు వస్తా."

స్కూటరు పోయాక ఎర్రన్న రేకు గోడ దాటి నా దగ్గరికి వచ్చాడు.

"చెప్తే ఆయన సస్తాడు. చెప్పకపోతే నేను. పెద్దాయన కాడికి పోయి చెప్తామంటే, నిన్నే ఎందుకు అడిగినారు అంటాడు. యాడికి పోవాల మామా?"

భార్య బాలనాగమ్మను తీసుకుని సాయంత్రం బెంగళూరు బస్సుకు బయల్దేరాడు. షెడ్డుకు తాళం వెయ్యమంటావా అని అడిగాను.

"వద్దు. ఏస్తే పోయినానని తెలిసిపోతాది."

పనిముట్లు నేల మీద పరిచి, రేడియో పాడుతుండగా అలాగే వదిలేసి వెళ్లాడు.

మర్నాడు ముందుగా గంగులయ్య వచ్చాడు. టీకి పోయినాడప్పా, వస్తాడు అన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు. ఆ వెనకే స్కూటరు ఆగింది. అతనికీ అదే మాట చెప్పాను. అతను ఖాళీ షెడ్డు వైపు చూసి, తాపీగా వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాడు.

"సరేలే. నిన్న కారు ఈడ ఆగినప్పుడు నువ్వు ఈడనే ఉంటివి గదా. పెద్దాయన ఏ పక్క డోరు దిగినాడు?"

ఆయన ఏ పక్క దిగాడో నేను చూశాను.