యాంప్ లేని బేస్ గిటారు

గ్లాస్గోలో ఒక ఆసుపత్రిలో షాలేమ్ రాజు పోర్టరు. జీతం రోగుల్ని ట్రాలీల మీద తోసినందుకు. అసలు వృత్తి మాత్రం, ఆయన దృష్టిలో, పాటల వంశవృక్షాలు సరిచూడడం. వార్డు రేడియోలో నిన్నగాక మొన్న విడుదలైన పాట మోగినా సరే, ట్రాలీ ఆపి, వేలెత్తి, దాని తాతగారెవరో ప్రకటించేవాడు.

"ఈ బేస్ విన్నారా? డెబ్భైల్లో అమెరికా ఫంక్, సోల్ బ్యాండ్లు వేసిన పునాది. వీళ్లు గోడలకి రంగు మార్చుకున్నారంతే" అని తెలుగు నర్సులకు తెలుగులోనూ, తక్కినవారికి ఇంగ్లీషులోనూ బోధించేవాడు. స్కానింగుకు వెళ్లవలసిన రోగులు బోధ ముగిశాకే వెళ్లేవారు.

ఈ విద్య ఆయనకు విశాఖపట్నంలో అబ్బింది. ఓడల మీద పనిచేసే మేనమామ తెచ్చిన క్యాసెట్లు అరిగేదాకా విని బేస్ గిటారు నేర్చుకున్నాడు. గ్లాస్గో ఫ్లాటులో దానికంత మర్యాద దక్కలేదు. శబ్దం పెంచే యాంప్ పెట్టగానే కింది అంతస్తు ఆవిడ చీపురుకర్రతో సీలింగు మీద తాళం వేసేది. అదీ లయ తప్పి. అప్పుడు భార్య సుగుణకుమారి ఉపాయం కనిపెట్టింది. యాంప్ తీసేసి, గిటారు తలను వార్డ్‌రోబ్ చెక్కకు ఆనించి వాయించమంది. తను దాని తలుపుకు చెవి ఆనించి కూర్చుంది. చెక్క మోగింది. వృద్ధుల కేర్ హోమ్‌లో డ్యూటీ దిగి వచ్చిన ఆవిడకు పద్దెనిమిదేళ్లు అదే కచేరీ, యూనిఫాం కూడా మార్చుకోకుండా.

మొన్న ఫిబ్రవరిలో, చివరి రోజుల రోగులుండే హాస్పిస్‌లో మంచం మీద, ఆవిడ ఒక్కటే కోరింది.

"ఏవండీ, నన్ను చర్చి కీబోర్డు బటన్ నొక్కి సాగనంపకండి. మీరు వాయించండి."

ఆవిడ పోయిన మూడోనాడు తెలుగు క్రైస్తవ సంఘం కమిటీ ఆ కోరిక మీద టీ బిస్కెట్ల సాక్షిగా సమావేశమైంది.

"బ్రదర్, అది బార్లలో వాయించే సంగీతం" అన్నారు పాస్టర్ ఆనందకుమార్.

"అయ్యగారూ, ఆ బ్యాండ్ల వాళ్లు చాలామంది పాట నేర్చుకున్నది చర్చిలోనేనండి. అది బయటికెళ్లి, సినిమాల్లో దూరి, తిరిగి మన కీబోర్డులోకే వచ్చింది. ఆదివారం మీరు నొక్కించే రిథమ్ బటనుందే, అదీ వాళ్ల డ్రమ్మర్ల పనితనమే."

"ఆ బటన్‌ని మనం ప్రార్థన చేసి ప్రతిష్ఠించాం కదా."

చివరికి తీర్మానమైంది: గిటారు తేవచ్చును, యాంప్ తేరాదు. అంటే ఆయన వాయించవచ్చు, ఎవరికీ వినిపించకూడదు.

"డాడ్, దే నో ఇట్ వోంట్ మేక్ ఎ సౌండ్" అంది కూతురు అక్సా.

"తెలుసు తల్లీ. అందుకే ఒప్పుకున్నారు."

భూస్థాపన ఆరాధన రోజున ఆయన కుర్చీని శవపేటిక పక్కకు లాక్కుని కూర్చున్నాడు. ఎవరో బటన్ నొక్కారు. కీర్తన మొదలైంది. షాలేమ్ రాజు కాస్త వంగి, గిటారు తలను పేటిక చెక్కకు ఆనించి, తీగ మీటాడు.

చెక్క మోగింది. పెద్దగా కాదు. పాస్టర్‌గారు గది వేడిచేసే రేడియేటర్ వంక అనుమానంగా చూశారు. అక్సా పేటిక మీద చెయ్యి పెట్టి, తియ్యలేదు.

నాలుగు చరణాలూ అయ్యాయి. కీబోర్డు ఆగింది. ఆయన ఆపలేదు. పేటిక ఎత్తడానికి వచ్చిన ఆరుగురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇన్నేళ్లూ మనుషుల్ని చేరవలసిన చోటికి చేరవేసిన పోర్టరు, ఆ రోజు మాత్రం తొందరపడలేదు.