సూది కాళ్ల కింద రాతి బిళ్లలు

పొద్దున తడిగుడ్డతో హాలు తుడుస్తుంటే కాలి బొటనవేలికి ఆవగింజంత గుంట తగిలింది. నున్నటి బేతంచెర్ల బండ మీద ఆ ఒక్క చోటే గరుకు. పన్నెండేళ్లుగా తగులుతూనే ఉంది. తగిలినప్పుడల్లా హుసేనప్ప గుర్తొస్తాడు.

కర్నూలులో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు బండలు పరిచిన మేస్త్రి ఆయన. అరవై దాటిన మనిషి. రాతిపొడి పీల్చి పీల్చి గొంతు జీరబోయింది. బండ పరిచాక సుత్తి కర్రతో కొట్టి, తల పక్కకు వంచి వినేవాడు. ఏం వింటున్నావని ఒకసారి అడిగితే, "నీ పేపర్లో రాసే సంగతి కాదులే సార్" అని నవ్వాడు.

కొత్తింట్లో చేరిన నెలకే, ఏళ్ల తరబడి ఆశపడిన స్పీకర్లు కొన్నాను. నడుము దాటే ఎత్తు. ఒక్కొక్కటి సిమెంటు బస్తాలో సగం బరువు. అడుగున నాలుగేసి ఉక్కు సూది కాళ్లు. వాటి మీద నిలబెడితే పెట్టె అదరదని, పాట తేటగా వినిపిస్తుందని వాటితో వచ్చిన కాగితంలో ఉంది. సూదుల కింద పెట్టడానికి ఇచ్చిన ఇత్తడి బిళ్లలను మాత్రం ప్యాకింగ్ సామాను అనుకుని అట్టపెట్టెతో పాటు పారేశాను. నా భార్య సరళా నేనూ చెరో పక్క పట్టి నిలబెట్టాం. ఆమె వంటింట్లోకి వెళ్లాక, గోడకు ఇంకాస్త జరుపుదామని నేనొక్కడినే నెట్టాను. కర్రుమంది. చూస్తే బండ మీద తెల్లటి గీత, దాని చివర గుంట.

ఆ బండలను సరళే బేతంచెర్ల దాకా వచ్చి ఒక్కొక్కటిగా ఏరింది. చెప్పడానికి నోరు రాలేదు. గీత మీద గోనెపట్ట కప్పాను. అప్పటికి మా పాప ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడుతోంది. స్పీకరు పట్టుకున్నప్పుడు పెట్టె కాస్త ఊగినట్టు ఉండేది. భ్రమ అని సర్దిచెప్పుకునేవాణ్ణి. పేపరు ఆఫీసులోనూ అదే పరిస్థితి. ఆ వారమే కోసిగి వలస కూలీల గురించి రాస్తూ, వాళ్లను పనికి తీసుకెళ్తూ దారిలో వదిలేసిన గుత్తేదారుది ఏ ఊరో తప్పు రాశాను. ఎవరూ ఫోన్ చేయలేదు. నేనూ ఆ సంగతి కదపలేదు.

మెట్లకు పాలిష్ మిగిలి ఉందని హుసేనప్ప వచ్చాడు.

"ఏం సార్, నున్నని బండకు గోనెపట్ట కప్పినావు? దానికేమన్నా చలి పెడ్తాందా?"

"ఉండనీ మేస్త్రీ, తీయొద్దు" అంటుండగానే తీసేశాడు. సరళ వచ్చి చూసింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

హుసేనప్ప మా ఇద్దరి వైపూ చూడలేదు. కూర్చుని వేలి కణుపుతో బండను కొట్టాడు. టక్. టక్. మూలకు వచ్చేసరికి డొబ్‌మంది. మళ్లీ కొట్టాడు.

"అమ్మా, పాపను ఎత్తుకో. సార్, పెట్టె పట్టుకో, పండబెడదాం."

స్పీకరును పండబెట్టాక ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "గుంట సార్ చేసిందే. డొల్ల మాత్రం నేను చేసింది. ఆ పొద్దు వాన వస్తాదని తొందరపడినా. ఈ మూలకు సిమెంటు మాలు సరిగ్గా నింపల్యా. ఇంత బరువు సూది మొన మీద పడితే, ఏదో ఒక పొద్దు మూల విరిగి పెట్టె పాప మీద పడ్తాది."

ఆయన చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. బండ పగిలితే సూదులనే తిట్టుకునేవాణ్ణి.

బండ లేపితే కింద అరచేయంత ఖాళీ కనిపించింది. నింపి, మళ్లీ పరిచి, వారం ఆరనిచ్చాడు. మిగిలిన ముక్కలతో ఎనిమిది బిళ్లలు చెక్కాడు. ఒక్కోదాని నడుమ సూది మొన కూర్చునేంత గుంట తొలిచి, అడుగున సైకిలు ట్యూబు ముక్క అతికించాడు.

"ముందు బిళ్లలు, వాటి మీద పెట్టె. మంచం ఈడ్చినట్టు ఈడ్చొద్దు. ఇద్దరు ఎత్తల్ల" అన్నాడు. గీతను అరగదీశాడు. గుంటను కూడా పోగొట్టమన్నాను.

"అది పోవల్లంటే చుట్టూ పల్లమైతాది సార్."

"ఉండనీలే మేస్త్రీ," అంది సరళ, "ఈయప్పకు గుర్తుంటాది."

మర్నాడు ఆఫీసుకు వెళ్లి, కూలీల వార్తకు ఎవరూ అడగని సవరణ నేనే రాసిచ్చాను.

హుసేనప్ప పోయి మూడేళ్లయింది. ఇప్పుడు పాప స్పీకర్లను మేడ మీది తన గదికి మార్చమంటోంది. అక్కడ బండలు పరిచింది వేరేవాళ్లు. పొద్దుటి తుడుపు ముగించి, పాపతో కలిసి స్పీకర్లను పండబెట్టి, రాతి బిళ్లలు జేబులో వేసుకుని పైకి వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో బండా కొట్టుకుంటూ పోయాను.

"ఇంకెంతసేపు నాన్నా? అన్నీ బాగానే ఉండాయి కదా!" అంది పాప.

చివరి బండ మూల దగ్గర శబ్దం కాస్త తేడాగా అనిపించింది. అనిపించిందంతే. పాపతో ఫ్యాను ఆపించి, తల పక్కకు వంచి, మళ్లీ కొట్టాను.