ఊదని ఊపిరి

పొద్దున్నే మేక పాలు పితికి, ఆ వెచ్చటి పచ్చిపాల గిన్నెను మొగుడు ఇస్మనాలీ చేతికివ్వడం బుబుసైరాకు పెళ్లినాటి నుంచీ అలవాటుగా ఉండేది. ఇప్పుడు ఆ పాలు తెర్లి పొంగేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలదు. తాగేది కోడలు జానిల్ ఒక్కతే. కడుపుతో ఉంది.

ఇస్మనాలీ కిందటి శీతాకాలం పోయాడు. ఏళ్ల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు, చివరికి గుండె. గొర్రెల నుంచి అంటిన రోగమని డాక్టరమ్మ చెప్పింది.

"ఒంట్లో కాపలా కణాలుంటాయమ్మా. క్రిమిని మింగి చంపుతాయి, తోటివాటికి కబురు పెడతాయి. ఈ క్రిమి మాత్రం మింగినా చావదు. ఆ కబురు నొక్కేసి, కాపలావాడి ఇంట్లోనే కాపురం పెడుతుంది. జ్వరం తగ్గిందని మనమనుకుంటాం, అది లోపల పెరుగుతూ ఉంటుంది. పచ్చిపాలతో అంటుతుంది, నెలలు నిండకుండా ఈనే పశువు ఉమ్మనీరు, మాయతో ఇంకా ఎక్కువ. కోడలికి సోకితే బిడ్డ నిలవడం కష్టం. జాగ్రత్త."

ఒకరోజు మధ్యాహ్నం కొట్టంలో ఒక గొర్రెకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. కొడుకు గుర్రమెక్కి పశువుల డాక్టరు కోసం పరుగెత్తాడు. పిల్ల కాళ్లు బయటికొచ్చాయి, తల ఇరుక్కుంది.

జానిల్ చొక్కా చేతులు పైకి మడిచింది. ఆమె చేయి పడితే పిల్ల బతుకుతుందని ఊళ్లో పేరు.

"జరుగత్తా, చచ్చిపోతోంది!"

"గడప దాటావంటే నా మీద ఒట్టే."

పక్కింటి ముసలి షార్షే గోడ మీంచి తొంగిచూశాడు. "ఏం బుబుసైరా, గొర్రెకు కూడా అత్తగారివయ్యావా? కోడలిపిల్లను లోపలికి రానివ్వు. మన ఆడవాళ్లు వట్టి చేతులతోనే మందలు పెంచారు."

"పెంచారులే బాబాయ్. నా మొగుణ్ని అలాగే సాగనంపాను."

డాక్టరమ్మ ఇచ్చిన రబ్బరు తొడుగులు మోచేతుల దాకా లాక్కుంది. రుమాలు ముక్కుకు కట్టుకుంది. మోకాళ్ల మీద కూర్చుని లాగింది. పిల్ల జారి గడ్డిమీద పడింది. కదల్లేదు.

"ఊదత్తా! ముక్కులో ఊదు! మామయ్య ఊదేవాడు కదా!"

ఊదేవాడు. బొటనవేలితో జిగురు తుడిచి, పిల్ల ముక్కుకు నోరానించి ఊదేవాడు. పిల్ల తుమ్మితే నవ్వుతూ మీసాలు తుడుచుకునేవాడు. ఆ మీసాలు ఆమె కళ్లముందు మెదిలాయి. తెలియకుండానే రుమాలు గడ్డం మీదికి లాగేసింది. ఒక్క ఊపిరి చాలు. ఆపైన ఇదే నోటితో ఇంట్లోకి పోవాలి, జానిల్ గిన్నె పక్కన కూర్చోవాలి.

రుమాలు మళ్లీ పైకెత్తింది. గడ్డితో పిల్లను రుద్దింది. వెనక కాళ్లు పట్టి ఊపింది. మళ్లీ రుద్దింది. ఒకసారి పక్కటెముకలు కదిలినట్టే అనిపించింది. అంతే.

గుమ్మం అవతల జానిల్ వెక్కివెక్కి ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని పార అందుకుంది. ఈత అవ్వగానే కొట్టం గీకి, మాయను కుక్కకు పడేయడం ఆ ఇంటి పద్ధతి.

బుబుసైరా అప్పటికే కుక్కను గొలుసుతో కట్టేసింది. కొట్టం తలుపు మూసి తాడు బిగించింది.

"ఆ పార పెట్టెయ్."

"కంపు కొడుతుందత్తా. అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. డాక్టరు వచ్చి చూసేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. నువ్వసలే వద్దు."

లోపల తల్లిగొర్రె తన పిల్ల కోసం అరుస్తూనే ఉంది. బుబుసైరా తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. పార గోడవారనే ఉండిపోయింది.