నాగేంద్రమ్మ ఆస్పత్రి కాగితం

పల్నాడు విడి జిల్లా అయిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను గుంటూరు నుంచి నరసరావుపేట శాఖకు రికార్డుల సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. నా రిటైర్‌మెంటుకు అప్పటికి రెండేళ్లు మిగిలి ఉన్నాయి. మాది ప్రభుత్వ కార్యాలయం కాదు. కొన్ని స్పిన్నింగు మిల్లుల యాజమాన్యాలు కలిసి తమ కార్మికుల కోసం ఏర్పాటు చేసిన పింఛను ట్రస్టు. శాఖలో మేం అయిదుగురం. పైన గుంటూరులో కార్యదర్శి, ఆయన మీద పాలకమండలి.

రికార్డుల సూపర్‌వైజరు పని చెప్పుకోవడానికి చిన్నదే, సభ్యుల ఫైళ్లకు కాపలా కాయడం. ఒక్కో ఫైల్లో చేరిక ఫారం, నామినేషను, ఆధార్ నకలు, ఇంట్లోవాళ్ల పేర్లు, పుట్టిన తేదీలు ఉంటాయి. మొదటి భార్య ఉన్న సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పని మనిషి నామినేషను ఫారంలో మాత్రం నిజం రాస్తాడు. అందుకే ఫైలు గది తాళం ఇంకొకరి చేతికి ఇవ్వకూడదని మాకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్పారు. వైద్య కాగితాలకు ఇంకాస్త ఎక్కువ కట్టుదిట్టం ఉండేది. వాటిని కవరులో పెట్టి లక్కతో సీలు వేసి, పైన సభ్యత్వ నంబరు ఒక్కటే రాసి వేరే బీరువాలో ఉంచేవాళ్లం.

ఆ ఆగస్టులో నాగేంద్రమ్మ వచ్చింది. శావల్యాపురం మనిషి. ముప్పై ఎనిమిదేళ్లు ఉంటాయి. భర్త తిరుపతయ్య కౌలుకు మిరప వేసేవాడు. ఆమె రోజూ మిల్లు బస్సులో వెళ్లి వైండింగు విభాగంలో, అంటే నూలును కోన్లకు చుట్టే మిషన్ల దగ్గర పని చేసేది. మా నిబంధన ప్రకారం పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. మధ్యలో ఆరు నెలలకు మించి గైర్హాజరైతే అంతకు ముందు చేసిన సర్వీసు పోతుంది. తగిన కారణం చూపిస్తే ట్రస్టు ఆ విరామాన్ని మన్నించవచ్చు. దీన్ని మా భాషలో కండోనేషను అంటారు. నాగేంద్రమ్మకు అయిదేళ్ల కిందట పదకొండు నెలల విరామం ఉంది. దాన్ని మన్నిస్తే ఇంకో ఏడాదిలో పదేళ్లు నిండుతాయి. లేకపోతే మళ్లీ మొదటికి వస్తుంది.

కారణం ఏమిటని అడిగాను. జబ్బు చేసిందని చెప్పి ఊరుకుంది. గదిలో ఉన్న గుమాస్తాను టీ తెమ్మని పంపి మళ్లీ అడిగాను. ఆడపిల్ల పుట్టి తొమ్మిదో రోజున పోయిందట. ఆ తర్వాత ఆమె అన్నం మానేసింది, మాట మానేసింది. గుంటూరులో మానసిక వైద్య విభాగంలో మూడు వారాలు ఉంచి, తర్వాత ఈపూరులో పుట్టింటికి తీసుకెళ్లారు. అత్తింటివాళ్లకూ ఊళ్లోవాళ్లకూ పచ్చకామెర్లని చెప్పారు. అసలు సంగతి భర్తకూ తల్లికీ తప్ప ఎవరికీ తెలియదు. అదంతా ఆమె నేల చూస్తూ, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

ఆస్పత్రి డిశ్చార్జి కాగితం తెచ్చి ఇమ్మన్నాను. ఆమె వెనకాడింది. ఆ కాగితం నా బీరువా దాటి పోదని హామీ ఇచ్చాను. మర్నాడే తెచ్చింది. ఆమె చూస్తుండగానే సీలు వేశాను. డిశ్చార్జి కాగితం చూశానని సిఫారసు రాసి గుంటూరు పంపితే, నెల తిరగకుండా కండోనేషను మంజూరైంది. ఒక మంచి పని చేశాననుకున్నాను.

ఆ శీతాకాలంలో ఫైళ్లన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించమని గుంటూరు నుంచి ఉత్తర్వు వచ్చింది. స్కానింగు పని ఒక కాంట్రాక్టరుకు ఇచ్చారు. ప్రతి సభ్యుడి కాగితాలూ ఎన్ని పేజీలో రిజిస్టరులో ఉంటుంది. స్కాను చేసిన పేజీల సంఖ్య దానితో సరిపోవాలి. సరిపోయిందని, ఒక్క కాగితం కూడా మిగలలేదని నేను సంతకం చేయాలి. సీలు వేసిన కవర్లను ఏం చేయమంటారని కాంట్రాక్టరు మనిషి అడిగాడు. నేను కార్యదర్శి గారికి ఫోను చేశాను. లెక్కలో ఉన్న పేజీ స్క్రీను మీద ఉండాల్సిందేనని ఆయన అన్నారు. బీరువా తాళం తీసి ఇచ్చాను. వారం తర్వాత సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టాను.

నేను అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉండింది, అడగలేదు. ఆ స్క్రీను ఎవరెవరికి కనిపిస్తుంది? కార్మికుల సందేహాలు అక్కడికక్కడే తీర్చడానికి వీలుగా ప్రతి మిల్లులో హాజరు చూసే టైం ఆఫీసుకూ పాస్‌వర్డు ఇచ్చారని, మిల్లు వాళ్లు తమ కార్మికుల ఫైలు మొత్తం తెరిచి చూడవచ్చని నాకు తర్వాత తెలిసింది.

సంక్రాంతి వెళ్లిన రెండు వారాలకు నాగేంద్రమ్మ మళ్లీ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ కాగితం మీ ఒక్కరికే ఇచ్చా గదా మేడం. మిల్లులో ఆడోళ్లకి ఎట్టా తెలిసింది?" అంది.

కనుక్కుంటానని చెప్పాను కానీ, ఆమె అడిగిన క్షణంలోనే నాకు అర్థమైపోయింది. ఆమె వెళ్లాక కంప్యూటరులో చూశాను. ఏ ఫైలును ఎవరు ఎప్పుడు తెరిచారో అందులో నమోదవుతుంది. మిల్లు పాస్‌వర్డుతో ఆమె ఫైలును ఒకే వారంలో మూడుసార్లు తెరిచారు. మొదటిసారి నామినీ పేరు చూడటానికి అయి ఉండవచ్చు. మిగతా రెండుసార్లు ఎందుకో ఊహించడం కష్టం కాదు.

మిల్లులో ఆమెను మిషను దగ్గరి నుంచి తీసి, వేస్టు పత్తి ఏరే షెడ్డుకు మార్చారు. మిల్లు లేబర్ ఆఫీసరుతో ఫోనులో మాట్లాడాను. మర్యాదస్తుడే. ఆమె భద్రత కోసమే మార్చామని, తిరిగే మిషను దగ్గర అలాంటి మనిషిని ఉంచితే రేపు జరగరానిది జరిగితే ఎవరు జవాబుదారీ అని నన్నే అడిగాడు. అయిదేళ్లుగా ఆమె అదే మిషను మీద ఏ పొరపాటూ లేకుండా చేస్తోంది కదా అన్నాను. అప్పుడు మాకు తెలియదు కదండీ అన్నాడు.

మర్నాడు నాగేంద్రమ్మను పిలిపించి, ఆ కాగితాన్ని కంప్యూటరులోంచి తొలగించమని కార్యదర్శి గారికి దరఖాస్తు రాయించాను. ఆమె చెబుతుంటే రాసింది నేనే. సిఫారసు జతచేసి గుంటూరు పంపాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. ఒక నిర్ణయానికి ఆధారమైన కాగితాన్ని తొలగించే వీలు ట్రస్టు నియమావళిలో లేదు. మిల్లులకు కనిపించకుండా చేయాలంటే సభ్యులందరికీ వర్తించేలా మార్పు చేయాలి కనుక విషయాన్ని పాలకమండలి ముందు ఉంచుతారు.

ఈలోగా జరిగింది చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రావడం లేదు. గుంటూరు కార్యాలయంలో వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఇన్‌వార్డు గుమాస్తా స్కాను చేసి, సంబంధిత సభ్యత్వ నంబరుకు జోడిస్తాడు. నాగేంద్రమ్మ దరఖాస్తునూ అలాగే జోడించాడు. విషయం అన్న గడిలో "మానసిక చికిత్స కాగితం తొలగింపు కోరుతూ" అని టైపు చేశాడు. అతను చేసిన తప్పేమీ లేదు. పద్ధతే అది. అంతకు ముందు ఆ సంగతి తెలియాలంటే ఫైలు తెరిచి కాగితం చదవాలి. ఇప్పుడు తెరవకుండానే, ఆమె పేరు కిందే మొదటి వరుసలో కనిపిస్తోంది.

నాగేంద్రమ్మ మిల్లుకు వెళ్లడం మానేసింది.

మార్చిలో ఒక ఆదివారం నేను శావల్యాపురం వెళ్లాను. నిబంధన ప్రకారం సభ్యుల ఇళ్లకు మేం వెళ్లకూడదు. తిరుపతయ్య కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చాడు. ఆమె లోపలి నుంచి చాలాసేపటికి గానీ రాలేదు. మనిషి సగమైంది. ఇంకో నాలుగైదు నెలలు ఎలాగో ఓర్చుకుని పనికి వెళితే పదేళ్లు నిండుతాయని, షెడ్డు పనైనా సర్వీసు కిందకే వస్తుందని చెప్పాను. మిల్లు బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోవడం లేదని తిరుపతయ్య చెప్పాడు. అదే బస్సులో వచ్చే ఆడవాళ్లే ఊళ్లోకీ మోసుకొచ్చారు.

అప్పుడు నాగేంద్రమ్మ నెమ్మదిగా అంది: "పక్కింట్లో బాలింత ఉంది మేడం. రోజూ బిడ్డకి నేనే నీళ్లు పోసేదాన్ని. మొన్న పోతే, వాళ్లత్త నా చేతుల్లోంచి బిడ్డని లాగేసుకుంది. ఏమీ అనలా. లాగేసుకుంది, అంతే."

స్కానింగు అయిపోయాక వెనక్కి వచ్చిన అసలు కాగితాన్ని రిజిస్టరులో రాయకుండా సంచిలో పెట్టుకుని వచ్చాను. ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేను రూలు తప్పి బయటికి తెచ్చిన కాగితం అదొక్కటే. తీసి ఆమె చేతికిచ్చాను.

ఆమె మడత విప్పి చూసుకుంది. "ఇదొక్కటేనా మేడం, ఇంకా ఉందా?" అని అడిగింది.

కంప్యూటరులో ఉందని చెప్పాను.

"అయితే ఇదెందుకు నాకు" అని కాగితం తిరిగి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తిరుపతయ్య నన్ను ఆటో దాకా సాగనంపాడు. తిట్టి ఉంటే బాగుండేది.

వెళ్లి వచ్చిన వారంలో, సీలు కవర్లను స్కానింగుకు ఇచ్చేసిన నా పొరపాటును నేనే రాసి పైకి పంపాను. ఇకపై జాగ్రత్త వహించమని రెండు వాక్యాల మెమో వచ్చింది. వైద్య కాగితాలు మిల్లులకు కనిపించకూడదని పాలకమండలి ఆ తర్వాతి వేసవిలో తీర్మానించింది, ఇకమీదట చేర్చే కాగితాలకు మాత్రమే. పాతవాటిని విడదీయడం ఖర్చుతో కూడిన పని కనుక వాయిదా వేశారు. నేను రిటైరైన రోజుకు అది వాయిదాలోనే ఉంది. చార్జి అప్పగించేటప్పుడు నాగేంద్రమ్మ ఫైలు చివరిసారి చూశాను. సర్వీసు చాలనందువల్ల పింఛనుకు అర్హత లేదని రాసి ముగించారు. ముగిసిన ఫైలునైనా ముప్పై ఏళ్లు భద్రపరచాలి. ఆమె పేరు కింద ఆ మొదటి వరుస అలాగే ఉంది.

కండోనేషను ఫారాన్ని ఆ తర్వాత ఒకసారి నింపాదిగా చదివాను. వైద్య కారణమైతే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేయగల స్థితిలో లేదని డాక్టరు ఇచ్చిన ఒక్క వాక్యం చాలునని అందులో ఉంది. జబ్బు పేరు అడగలేదు. డిశ్చార్జి కాగితం కావాలన్నది నేను. అది ఉంటే పని త్వరగా అవుతుందని, పైవాళ్లు తిరిగి ప్రశ్నలు వేయరని. సభ్యుడి రహస్యాన్ని దాచడమే నా ఉద్యోగమని ఇన్నేళ్లూ అనుకున్నాను. అవసరం లేని కాగితాన్ని అడగకుండా ఉండటం అంతకంటే ముందు చేయాల్సిన పని. ఒకసారి తీసుకున్నాక ఇక దాని మీద మన తాళం పనిచేయదు.