లాయిడ్ సార్ మళ్లీ రాయని గుర్తు

నిన్న పొద్దున ఇక్కడ దోహాలో, ఐన్ ఖాలిద్‌లోని ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా ఖాజా ఫోన్ చేశాడు. మా ఆర్కెస్ట్రాలో కుర్చీలు, స్టాండ్లు సర్దే స్టేజ్ టీమ్‌లో ఉంటాడు. ఇద్దరిదీ నిజామాబాదే.

"అక్కా, లాయిడ్ సార్ చనిపోయిండంట. అమెరికా నుంచి మెయిల్ అచ్చింది."

గ్రీన్ పడింది. వెనక హారన్లు కొడుతున్నారు. నేను మాత్రం "ఏ లాయిడ్ సార్?" అని అడిగాను.

మాకు తెలిసిన లాయిడ్ సార్ ఒక్కరే.

మా వాళ్లలో చాలామందికి ఆయనెవరో తెలియదు. మా అత్తమ్మ లెక్కలో నేను ఇప్పటికీ దుబాయ్‌లో ఏదో బ్యాండు మేళం కంపెనీలో ఉన్నాను. అందుకే కొంచెం వివరంగా చెప్తున్నాను.

లాయిడ్ సార్ కంపోజర్. అమెరికాలో మక్కజొన్న చేల మధ్య ఒక చిన్న ఊళ్లో పుట్టారు. వాళ్ల నాన్న పియానోలు రిపేర్ చేసేవారట. సార్ ఏళ్ల తరబడి అక్కడి యూనివర్సిటీలో మ్యూజిక్ ప్రొఫెసర్. రిటైరయ్యాక, ఒక్క ఏడాది పాఠాలు చెప్పి పోదామని దోహా వచ్చి, ఆరేళ్లు ఉండిపోయారు.

ఆర్కెస్ట్రాకు ఆయన రాసినవి మా లైబ్రరీలో మూడున్నాయి.

మొదటిది వయసులో ఉన్నప్పుడు రాసింది. ఊరి మీదుగా పోయే గూడ్సు రైలు గురించి. డ్రమ్ములూ బాకాలూ ఒకటే హోరు. "అప్పుడు నాకు చెవులు సరిగా లేవు" అని నవ్వేవారు.

రెండోది భార్య పోయాక రాసింది. వయొలిన్లు, చెల్లోలనే పెద్ద వయొలిన్లు మాత్రమే. దాని రిహార్సల్ జరుగుతుంటే హాల్లో కూర్చునేవారు కాదు. బయట కారిడార్‌లో నడుస్తూ ఉండేవారు.

మూడోది ఇక్కడే రాశారు. పేరు "ఆగస్టు". మనిషంత ఎత్తుండే డబుల్ బేస్ వాద్యాలు ఒకే స్వరం పట్టుకుని గొణుగుతుంటే మొదలవుతుంది. మొదటి రిహార్సల్‌లో స్టాండ్లు మోస్తున్న ఖాజా ఉన్నచోటే ఆగిపోయాడు.

"అక్కా, గిది మన రూమ్ ఏసీ చప్పుడే గదా."

సార్‌కు ఇంగ్లిష్‌లో చెప్పాను. అల్ మన్సూరాలో తన ఫ్లాట్ ఏసీ కింద కూర్చునే రాశానని ఒప్పుకున్నారు. ఆ రోజంతా ఖాజాను కనిపించినవాళ్లందరికీ తన మొదటి విమర్శకుడని పరిచయం చేస్తూ తిరిగారు.

ఇక నా ఘనకార్యం.

నేను లైబ్రరీలో చేరి అప్పటికి రెండు నెలలు. ఏ వాద్యం వాళ్ల మ్యూజిక్ కాగితాలు వాళ్లకు ఇవ్వడం, కచేరీ అయ్యాక పోగుచేసి, వాళ్లు పెన్సిల్‌తో రాసుకున్న గుర్తులన్నీ రబ్బరుతో చెరిపేయడం నా పని. అద్దెకు తెచ్చిన సెట్లను అలా శుభ్రం చేశాకే తిప్పి పంపాలి. అది రూలు.

"ఆగస్టు" సెట్ అద్దెది కాదు. కచేరీ ఇంకా కాలేదు కూడా. రిహార్సల్ అయ్యాక టేబుల్ మీద కనిపించింది, అంతే. కూర్చుని మొత్తం చెరిపేశాను. సార్ వారం రోజులుగా చెప్పిన మార్పులన్నీ ఆ పెన్సిల్ గుర్తుల్లోనే ఉన్నాయి. రెండు రబ్బర్లు అరిగాయి. పని ఎంత నీట్‌గా చేశానో మా ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున వాయించేవాళ్లు కాగితాలు తెరిచారు. మేనేజర్ నన్ను చూసిన చూపుకే ఉద్యోగం ఊడిందనుకున్నాను. మా ఆయన కంపెనీ మూతబడి, నా జీతంతోనే ఇల్లు నడుస్తున్న రోజులవి.

సార్ మాత్రం రిహార్సల్‌ను సాయంత్రానికి మార్పించారు. లైబ్రరీలోకి వచ్చి, టేబుల్ లైటు వంచి, ఒక కాగితాన్ని దాని కింద ఏటవాలుగా పట్టుకున్నారు. పెన్సిల్ నలుపు పోయింది గానీ, నొక్కి రాసిన చోట సన్నటి గాడి మిగిలే ఉంది.

ఆయన చూసి చెప్పడం, నేను రాయడం. నాకు ఏడుపొచ్చినప్పుడల్లా పెన్సిల్ చెక్కి చేతికిచ్చేవారు. మ్యూజిక్ చదవడం నాకు వచ్చింది ఆ రోజే. మధ్యాహ్నం నా డబ్బాలోని టమాటా తొక్కు అన్నం ఇద్దరం తిన్నాం. కారానికి ముక్కు ఎర్రబడింది గానీ, ఆయన డబ్బా వదల్లేదు.

చివర్లో క్లారినెట్ కాగితం దగ్గర ఆగారు. అక్కడొకచోట శబ్దం పెంచమని చెప్పే గుర్తు ఉండేది. నేను రాయబోతే చెయ్యి ఆపారు.

"లీవ్ ఇట్, సుజాతా."

అక్కడ పెంచక్కర్లేదు, మెల్లగానే పోనీ, ఇదే బాగుంది అన్నారు. ఆ గుర్తును మళ్లీ ఎప్పుడూ రాయలేదు.

కచేరీలో ఆ చోటు వచ్చేసరికి నేను స్టేజ్ పక్క తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. డ్యూటీ కదా. అక్కడికి డ్రమ్ములే వినిపిస్తాయి. క్లారినెట్ అందదు. ఆ మాట చెబితే సార్ నాకంటే ఎక్కువ బాధపడ్డారు. వచ్చేసారి హాల్లో కూర్చుని వినాలని మాట తీసుకున్నారు.

తర్వాత రెండుసార్లు వాయించారు. రెండుసార్లూ నేను తలుపు దగ్గరే ఉన్నాను.

ఆరోగ్యం దెబ్బతిని పోయినేడు సార్ వాళ్ల ఊరికి వెళ్లిపోయారు. పోయిన నెల మెయిల్ పెట్టారు. "ఆగస్టు" మళ్లీ వేస్తున్నారట కదా, ఈసారైనా కూర్చుంటావా అని. తీరిగ్గా, మంచి ఇంగ్లిష్‌లో రాద్దామని ఆగాను. ఆ జవాబు ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది.

ఒక్కసారి ఆయన పక్క సీట్లో కూర్చుని ఆ చోటు వినాలని ఎంత ఆశపడ్డానో నిన్నటిదాకా నాకే తెలియదు. నిన్నటి నుంచి ఏ పని చేస్తున్నా అదే గుబులు.

ఈ పొద్దున ఆ సెట్ బయటకు తీశాను. ఆయన చెబితే నేను రాసిన గుర్తులు వంకరటింకరగా అలాగే ఉన్నాయి. క్లారినెట్ కాగితాన్ని లైటు కింద వంచి చూశాను. ఆ ఒక్క గాడి ఖాళీగా కనిపించింది.

కచేరీ రోజుకు సెలవు పెట్టాను. టికెట్ కొన్నాను, క్లారినెట్లకు ఎదురుగా.

"నువ్వు పోయి కూసో అక్కా, తలుపు నేను చూసుకుంట" అన్నాడు ఖాజా.

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకండి సార్.

కూర్చుంటాను.

మీరు ప్రశాంతంగా ఉండండి. వెళ్లి రండి.