బావ పోయిన రోజునే కీ మార్చాను

నిన్న పొద్దున్న చీపురుపల్లిలో టిఫిన్ ముందు కూర్చున్నాను. ఫోన్ వచ్చింది.

పైడిరాజు బావ లేడు.

లేడంటే ఏంటి? మొన్న సాయంత్రమే కదా, ఊరెళ్తానంటే స్టేషన్లో దింపాను! రైలు సరిగ్గా ఆగకముందే ఎక్కేశాడు. తెల్లారేసరికి గుండె ఆగిపోయిందట.

ఇడ్లీ అలాగే వదిలేసి లేచాను. ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు. కూర్చోలేను, పడుకోలేను. అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం: బావ మా ఇంజినీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్. నేను ఆయన కింద చేరాను. చుట్టరికం ఏమీ లేదు. మొదటి రోజు "సార్" అంటే, "సారేటి రా, బావా అను" అన్నాడు. అంతే, ఆయన బావ అయిపోయాడు, ఆయన భార్య అక్క అయిపోయింది.

కుదురు లేని మనిషి. టీ గ్లాసు పట్టుకుని సర్వర్ రూమంతా తిరిగేవాడు. మనం కూర్చుంటే ఆయనకి చిరాకు.

కాలేజీ వెబ్‌సైట్ పేరు కొడితే అది ఎక్కడుందో చెప్పే మెషీన్ ఒకటుంటుంది, డీఎన్ఎస్ సర్వర్. అది ఆగితే పిల్లలకి రిజల్ట్స్ పేజీ కూడా తెరుచుకోదు. దాన్ని ఇంటి నుంచి నడపాలంటే ఒక సీక్రెట్ కీ కావాలి, పొడవాటి పాస్‌వర్డ్ లాంటిది. అదే కీ సర్వర్లోనూ ఉండాలి, మన లాప్‌టాప్‌లోనూ ఉండాలి. కీ ఉన్నవాడు ఒక్క కమాండ్‌తో సర్వర్ని ఆపేయొచ్చు.

మాతో పనిచేసిన శంకర్ ఉద్యోగం మానేసిన రోజు నాకు బాగా గుర్తు. ఫేర్‌వెల్ లడ్డు ఇంకా నోట్లోనే ఉంది. బావ నన్ను రెక్క పట్టుకుని సర్వర్ రూమ్‌కి లాక్కెళ్లాడు, కొత్త కీ చెయ్యాలని.

నాకు ఒళ్లు మండింది. "నిన్నటిదాకా మన పక్కన కూర్చున్నవాడు ఇవాళ దొంగైపోయాడా బావా?" అన్నాను.

"దొంగని ఎవుడన్నాడ్రా? రేపు ఇక్కడేటైనా అయితే ఎల్లిపోయినోడి వైపే ఏలు సూపిస్తారు. ఆడి సేతిలో కీ లేకపోతే ఆడి మీద నింద రాదు. ఇది ఆడి కోసమే సేస్తన్నాను."

మా సర్వర్ పాతకాలంది. దాన్లో కీ చేసే కమాండ్ కొడితే, "టైప్ చెయ్యి" అని అడిగేది. ఏం కొడుతున్నామన్నది కాదు, ఎలా కొడుతున్నామన్నది చూసుకుని, ఆ తికమకలోంచి కీ తయారు చేసుకునేది. నేను మర్యాదగా ఒక్కో అక్షరం నొక్కుతున్నాను.

"ఓరి గుంటడా, పరీచ్చ రాస్తన్నావా ఏటి? పిచ్చెక్కినట్టు కొట్టు!" అని తనూ పక్కనుంచి చెయ్యి పెట్టేశాడు. ఇద్దరం కలిసి కీబోర్డుని వాయించేశాం. నవ్వాపుకోలేకపోయాం. నిన్నటిదాకా నడిచింది ఆ కీనే.

నిన్న నేను బావ ఊరెళ్దామని ఆటో ఎక్కబోతుంటే అక్క తమ్ముడు ఫోన్ చేశాడు. "బావ లాప్‌టాప్ పాస్‌వర్డ్ ఏటండీ? ఫ్లెక్సీకి ఫొటో కావాలి, మంచియన్నీ దాన్లోనే ఉన్నాయి."

నాకు తెలీదన్నాను. "పర్లేదులెండి, శ్రీకాకుళంలో షాపుకి పంపించేసినాం. ఆళ్లు తీసిస్తారు."

తప్పు పట్టలేను. చావింట్లో ఆ ఫ్లెక్సీయే పెద్ద పని.

కానీ ఆ లాప్‌టాప్‌లో కీ ఉంది. రిజల్ట్స్ వచ్చేది కూడా నిన్ననే. ఎవరో తెలియని షాపులో ఎవరైనా ఏదైనా కెలికితే? కమాండ్ బావ లాప్‌టాప్ నుంచే వచ్చిందని సర్వర్ రాసుకునే లాగ్‌లో పడుతుంది. చనిపోయిన మనిషి వచ్చి "నేను కాదు" అని చెప్పుకోలేడు కదా.

ఇటు చూస్తే ఎచ్చెర్ల దాటి బావ వాళ్ల ఊరు. అటు చూస్తే కాలేజీ. ఆటో అతను "ఎక్కుతారా లేదా?" అని కసురుకున్నాడు. నేను కాలేజీ వైపు పరిగెత్తాను.

కమాండ్ కొట్టాను. టైప్ చెయ్యమంది.

మళ్లీ మర్యాదగా ఒక్కో అక్షరం నొక్కాను. పక్కన తిట్టేవాడు లేడు. కాసేపటికి ఏడుపు తన్నుకొచ్చింది, ఆ ఏడుపుతోనే రెండు చేతులా కొట్టాను. కొత్త కీ పెట్టాను. పాతది తీసేశాను, బావ లాప్‌టాప్‌లో ఉన్నది ఇక పనిచెయ్యదు. సర్వర్ ఎప్పటిలాగే పని చేసుకుపోయింది. దానికేం తెలుసు?

నేను చేరేసరికి పాడె లేపుతున్నారు. బావ ముఖం సరిగ్గా చూసుకోనేలేదు.

అక్క నన్ను చూసి, "ఒరే తమ్ముడా, అందరూ వచ్చీసినారు. నీకిప్పుడా తీరింది?" అంది. అంతమందిలో కీ గురించి ఏం చెప్పను? తల దించుకుని పాడెకి భుజం పట్టాను.

అక్కా, అప్పుడు చెప్పలేకపోయింది ఇదే. ఆయన వైపు ఎవడూ వేలు చూపించకూడదని ముందు కాలేజీకి వెళ్లాను. దానివల్ల ఆయన ఆఖరి చూపు నాకు దక్కలేదు. నువ్వు తిట్టినా పడతాను.

వెళ్లిరా బావా. నీ ఆత్మకి శాంతి, మా అక్క గుండెకి నెమ్మది దొరకాలి.